అన్నకు అందని కాబర్నే వాసన

మా అన్న ఓడ ఉద్యోగం వదిలి బళ్లారికి వచ్చేసిన మరునాడు పొద్దున నా భార్య బొరుగులు నానబెట్టి ఉగ్గాణి చేసింది. పక్కన మిరపకాయ బజ్జీలు. ఇరవై ఏళ్లుగా ఆయన రాసిన ఉత్తరాల్లో ఉగ్గాణి మాట లేనిది ఒక్కటీ లేదు. అందుకే ఆమె కొత్తిమీర దండిగా కోసి, పప్పుల పొడి అప్పటికప్పుడు దంచి మరీ చేసింది. గాంధీనగర్‌లో మాది రెండు గదుల అద్దె ఇల్లు. తిరగమోత పెడితే వీధి గుమ్మం దాకా ఘుమఘుమలాడేది. అన్న పళ్ళెం ముందు కూర్చుని రెండు ముద్దలు తిని ఆగిపోయాడు.

“ఏమన్నా తక్కువైందా బావా?” అని నా భార్య అడిగింది.

“లేదమ్మా. బాగుండాది,” అని పళ్ళెం ఖాళీ చేశాడు. బజ్జీ కొరికినప్పుడు కళ్లలో నీళ్లు తిరిగాయి. కారం అనుకున్నాం.

సాయంత్రం బయట మెట్ల మీద నా పక్కన కూర్చుని చెప్పాడు. “నాకు వాసన పోయిందిరా. ఏ వాసనా తెలీదు. పొద్దున తినింది ఉగ్గాణి అని కంటితో చూసి తెలుసుకున్నా. కండ్లు మూసుకుంటే తడి కాగితం నమిలినట్లుండాది.”

అన్న పంతొమ్మిదో ఏట బొంబాయి పోయి, ఒక హోటల్లో గిన్నెలు కడిగి, అక్కడి నుంచి ప్రయాణికుల ఓడ ఎక్కాడు. మొదట భోజనశాలలో బల్లలు తుడిచాడు. పోనుపోను వైన్ పోసే పనిలో కుదురుకున్నాడు. ఎవరు ఏం తింటున్నారో చూసి దానికి తగిన సీసా చెప్పాలి. బిరడా తీసి, వాసన చూసి, చెడిపోలేదని తేల్చుకున్నాకే గ్లాసులో పోయాలి. ఒకరోజు ఓడ బాగా ఊగుతుంటే, సీసాలు దాచే కింది గదికి దిగుతూ ఇనుప మెట్ల మీద వెల్లకిలా పడ్డాడు. తల వెనక దెబ్బ. ఏదో రేవు ఆసుపత్రిలో నెల పైనే ఉన్నాడు. కాస్త కోలుకున్నాక నర్సు కాఫీ ఇస్తే, వేడినీళ్లు ఎందుకిచ్చిందా అనుకున్నాడట. ముక్కు పనిచేయని మనిషితో ఓడవాళ్లకేం పని? ఇంటికి పంపేశారు.

ఊళ్లోని ముక్కు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన లైటు వేసి చూశాడు, కాగితాలన్నీ చదివాడు. “వాసన నరం తెగిపోయుంటాదప్పా. కొందరికి ఏడాది లోపల దానంతటదే వస్తాది. రాకపోతే ఇంగ రాదు. దీనికి మందు లేదు. సుమ్నె, ఊరికే ఊళ్లన్నీ తిరగొద్దండి,” అన్నాడు. అన్న లేచి ఆయనకు నమస్కారం పెట్టాడు. అప్పటికి దెబ్బ తగిలి నాలుగు నెలలు. అంటే ఇంకో ఎనిమిది నెలలుంది.

ఇంటికొచ్చాక అన్న తన ట్రంకు పెట్టె తెరిచి ఒక లావుపాటి నోటుపుస్తకం తీశాడు. పేజీ పేజీకీ సీసాల మీద నుంచి తడిపి ఊడదీసిన కాగితాలు అంటించి ఉన్నాయి. ఫ్రాన్సు, బల్గేరియా, చిలీ, ఆస్ట్రేలియా, కాలిఫోర్నియా. అన్నిటి మీదా ఒకే మాట కనిపిస్తోంది. కూడబలుక్కుని “కాబర్నెట్” అని చదివాను.

“కాబర్నే. చివర టి పలకగూడదు,” అన్నాడు. “ద్రాక్షలో అదొక జాతి. కాయ చిన్నది, నల్లది, తోలు మందం. ఏ దేశంలో పెట్టినా దాని గుణం అది వదలదు. మళ్ల ఆ నేల గుణం కూడా పట్టుకుంటాది. మన సోనామసూరి ఎమ్మిగనూరులో పండినా, ఇంగోచోట పండినా సోనామసూరే కదా. తినేవానికి తేడా తెలుస్తాది. అట్ల.”

ఆ తర్వాత అసలు సంగతి చెప్పాడు. “ఇరవై ఏండ్లు నా ముక్కులో ఎక్కువగా తిరిగింది ఈ వాసనే. అమ్మ వాసన కన్నా ఇదే బాగా తెలుసు. వచ్చేదుంటే ముందు ఇదే వస్తాది. నువ్వు ఊర్లు తిరుగుతాంటావు కదా. ఒక్కో నేలది ఒక్కో సీసా తెచ్చి పెట్టు. గొప్ప సీసాలు వద్దు. డబ్బున్నోళ్లకు పోసేది వేరేవాళ్లు. తక్కువలో మంచిది కావాలనేవాళ్లకు ఏరి పెట్టింది నేను. నాకు తెలిసినవి ఆ చవక సీసాలే.”

నేను జీన్స్ ప్యాంట్లు కుట్టే ఒకాయన దగ్గర సేల్స్ మనిషిని. బళ్లారిలో కుట్టిన ప్యాంట్ల మూటలు వేసుకుని బెంగళూరు, హుబ్బళ్లి, గోవా, పూణే దుకాణాలకు తిరిగేవాణ్ణి. తిరగడం సరే. కానీ మాది మిషన్ రోజుల నుంచీ ప్రార్థనలు చేసుకుంటూ వచ్చిన కుటుంబం. మద్యం సీసా మా గడప తొక్కింది లేదు. నా భార్య బడిలో టీచరు, ఆదివారాలు చర్చిలో సండే స్కూలు పిల్లలకు పాఠాలు చెప్పేది. భయపడుతూనే అడిగాను. ఆమె చేటలో బియ్యం చివరి రాయి దాకా ఏరింది.

“మందు అనుకుని తెండి. వంటింట్లో మాత్రం పెట్టొద్దండి,” అంది.

మొదటి ప్రయత్నం మా ఊళ్లోనే చేశాను. బెంగళూరు రోడ్డులో ‘వైన్స్’ అని బోర్డు ఉన్న దుకాణాలు నాలుగైదు ఉండేవి. ముప్పై అయిదు దాటాక మొదటిసారి అలాంటి దుకాణం ముందు నిలబడ్డాను.

“క్యా హోనా భాయ్?” అన్నాడు దుకాణదారు.

“వైన్ కావాలప్పా.”

“ఇదంతా వైనే కదా. బోర్డు చూడలేదా?” అని విస్కీ, బ్రాందీ సీసాల వైపు చేయి ఊపాడు.

“అది కాదు. ద్రాక్షపండ్లతో చేసేది. ఎర్రది.”

లోపలి గదిలో ఎక్కడో వెతికి, దుమ్ము పట్టిన సీసా ఒకటి తెచ్చి లుంగీ కొసతో తుడిచాడు. “బాలింతలకు తాపుతారు. ఒంటికి మంచిది. ఇంట్లో కాన్పు ఏమన్నానా?” అని అడిగాడు. అవునని చెప్పి, కాగితంలో చుట్టించుకుని ఇటు తిరిగేసరికి ఎదురుగా మా చర్చి సంఘ పెద్ద ఒకాయన సైకిలు ఆపి నన్నే చూస్తున్నాడు. నా చేతిలోని పొట్లం చూశాడు. సైకిలెక్కి వెళ్లిపోయాడు.

అన్న ఆ సీసాలోంచి ఒక చుక్క నాలుక మీద వేసుకున్నాడు. “చక్కెర పానకం. ఇది కాబర్నేకి దూరపు చుట్టం కూడా కాదు,” అని నవ్వాడు. వచ్చిన తర్వాత ఆయన నవ్వడం నేను చూసింది అదే మొదలు. ఆ నవ్వు కోసమే నేను మిగతావన్నీ తిరిగానేమో.

ఆ తర్వాతి రెండో ఆదివారం చర్చి అయిపోయాక పెద్దలు నా భార్యను పక్కకు పిలిచి, “కొన్నాళ్లు రెస్టు తీసుకోమ్మా, సండే స్కూలు ఇంకొకరు చూసుకుంటారు,” అన్నారు. ఎందుకని ఆమె అడగలేదు. వాళ్లూ చెప్పలేదు. దారి పొడుగునా ఆమె బైబిలు గుండెకు పెట్టుకుని నడిచింది. నేనే పోయి పెద్దలకు చెప్పుకుంటానంటే ఒప్పుకోలేదు. “ఏం చెప్తారు? మందు అంటే నవ్వుతారు. వదిలేయండి,” అంది. అన్నకు చెప్పవద్దని కూడా అంది.

మొదటి అసలైన కాబర్నే బెంగళూరులో దొరికింది. నంది కొండల దిక్కున తోటలు వేసి కొత్తగా చేస్తున్నారని దుకాణంలో చెప్పారు. ధర నాకు అందుబాటులోనే ఉంది. ఆదివారం మధ్యాహ్నం నాలుగింటికి అన్న తెల్ల చొక్కా వేసుకుని, ముందు గదిలో బల్ల మీద ఉతికిన గుడ్డ పరిచాడు. ఓడ నుంచి తెచ్చుకున్న ఇనుప మరను బిరడాలోకి తిప్పి, చప్పుడు లేకుండా లాగాడు. అడుగున రెండు వేళ్ల ఎత్తు పోసి, గ్లాసును గుండ్రంగా తిప్పి, ముక్కు లోపలికి పెట్టి కళ్లు మూసుకున్నాడు. మేమిద్దరం ఆయన ముఖమే చూస్తున్నాం. బయట ఎవరిదో ట్రాక్టరు పోయింది. ఆ మోత తగ్గేదాకా ఆయన ముక్కు గ్లాసులోంచి తీయలేదు.

“ఏమీ లేదు,” అన్నాడు. ఒక గుక్క తాగి, “వగరు తెలుస్తాండాది. పులుపు తెలుస్తాండాది. అంతే.”

తర్వాత గ్లాసు నా చేతికిచ్చాడు. “నువ్వు చెప్పు. ఏం వాసన?”

“నాకేం తెలుసన్నా?”

“నీకు తెలిసిన వాసనతోనే చెప్పు.”

జీవితంలో మొదటిసారి వైన్ వాసన చూశాను. “బెంగళూరు మిరపకాయ కోస్తే వస్తాది చూడు, ఆ పచ్చి వాసన. దాని ఎనక నేరేడుపండు,” అన్నాను.

అన్న ముఖం వెలిగిపోయింది. “కరెక్టు రా! కాయ పూర్తిగా పండకముందే కోసినారు. ఆ పచ్చి వాసన అదే. ఇంగో పది దినాలు చెట్టు మీద వదిలింటే పోయేది. అయినా ఈ ధరకు తప్పు పట్టే పని లేదు.”

అప్పటినుంచి అదే మా పద్ధతి అయింది. వాసన నాది, తెలివి ఆయనది. గోవాలో ప్యాంట్లు ఇచ్చి వస్తూ, రేవు దగ్గర ఒక ముసలామె నడిపే దుకాణంలో తక్కువలో మంచిది అడిగితే రెండు సీసాలు ఇచ్చింది. ఓడల వాళ్లు అమ్ముకుని పోయినవట. రాష్ట్రం దాటేటప్పుడు చెక్‌పోస్టులో దించుతారని భయపడి, ప్యాంట్ల మూటలో నడిమధ్య పెట్టి, బస్సు ఆగిన ప్రతిచోటా తల బయట పెట్టి చూస్తూ కూర్చున్నాను. మొదటి సీసాకు కాగితం చుట్టి, ఏ దేశానిదో చెప్పకుండా పోశాను.

“జలుబు చేస్తే ఛాతీకి రాస్తాం చూడు, నీలగిరి తైలం. ఆ వాసన,” అన్నాను.

అన్న గుక్క కూడా తాగలేదు. “ఆస్ట్రేలియా. తోటల చుట్టూ నీలగిరి చెట్లుంటాయి. ఆ నూనె గాలికి వచ్చి కాయ తోలు మీద కూర్చుంటాది,” అన్నాడు. కాగితం విప్పితే ఆస్ట్రేలియానే. నా భార్య కూడా చప్పట్లు కొట్టింది. ఆ సంబరంలో ఉండగానే అన్న మళ్లీ గ్లాసు తీసుకుని, నేను చెప్పిన వాసనను వెతుకుతూ, లోపలికి ఎంతో లోతుగా పీల్చాడు. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. చప్పట్లు కొట్టిన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో మాకు తెలియలేదు.

రెండో సీసా బల్గేరియాది. చెక్కిన పెన్సిలు పొట్టు, ఎండు నేరేడు వాసన వచ్చిందని చెప్పాను. చవక ధరకు అంతకన్నా నమ్మకమైనది లేదని, ఓడలో టీచర్లకూ, పింఛను మీద బతికే ముసలివాళ్లకూ తాను ఎప్పుడూ అదే చెప్పేవాణ్ణని అన్నాడు. పూణే నుంచి మహారాష్ట్ర తోటలది ఒకటి తెచ్చాను. చిలీది ఒకటి దొరికింది. ప్రతిసారీ అన్న ముందు తానే ముక్కు పెట్టేవాడు. ప్రతిసారీ, “ఏమీ లేదు.”

ఎండాకాలం వచ్చింది. బళ్లారి ఎండ సంగతి చెప్పేదేముంది. గోవా నుంచి మళ్లీ తెచ్చిన సీసా బస్సు టాపు మీద ఉడికిపోయి, బిరడా పైకి తన్నుకొచ్చి, మూటలో ప్యాంట్లన్నీ ఎర్రగా తడిసిపోయాయి. మా యజమాని పది మంది ముందు నన్ను కడిగిపారేశాడు. మిగిలిన సగం సీసాను ఇంటికి తెచ్చి పోస్తే మాడిన బెల్లం, పులిసిన చింతపండు వాసన. అన్న చేతిలో ఖాళీ గ్లాసు పట్టుకుని ఎదురు చూస్తున్నాడు. నేను, “బాగుండాదన్నా, నేరేడుపండు,” అన్నాను. ఆయన తన గ్లాసులో పోయించుకుని ఒక గుక్క తాగి, నాలుక మీద పులుపు పట్టుకుని, నా ముఖంలోకి చూశాడు. అబద్ధమని తెలిసిపోయింది. గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. అప్పటికి ఏడాది నిండడానికి ఇంకా మూడు వారాలే ఉంది.

ఆ ఎండల్లోనే నేను పూణే నుంచి జ్వరంతో వచ్చి పడ్డాను. సంచిలో ఒక సీసా ఉంది. మంచం పక్కన కూర్చుని, నా భార్య తడిగుడ్డ వేస్తూ, అలసటలో నోరు జారింది. సండే స్కూలు పోయిన సంగతి అన్నకు చెప్పేసింది. అన్న ఆమె చేతిలోంచి తడిగుడ్డ తీసుకుని తానే నా నుదుటి మీద వేశాడు. నాకు జ్వరం తగ్గిన ఆదివారం ఆ సీసా తీశాడు. తెల్ల చొక్కా, ఉతికిన గుడ్డ, అంతా మామూలే. గ్లాసులో ముక్కు పెట్టాడు. కళ్లు తెరిచాడు.

“వచ్చిందిరా,” అన్నాడు.

నా భార్య చేతిలో నీళ్ల చెంబు ఉంది. అట్లాగే నిలబడిపోయింది.

“నేరేడుపండు. కొంచెమే. యాడో దూరంగా ఉన్నట్లుండాది. అయినా అదే. ఇంగ చాలురా తమ్ముడూ. ఇంగ సీసాలు తేవద్దు. మిగతాది దానంతట అదే వస్తాది.”

నేను ఆయన్ను పట్టుకుని ఏడ్చాను. నా భార్య మోకరించి ప్రార్థన చేసింది. మరుసటి ఆదివారం చర్చిలో లేచి నిలబడి సాక్ష్యం చెప్పింది. తన బావకు దెబ్బ తగిలి వాసన పోయిందని, ఆ మందు కోసమే భర్త మద్యం దుకాణానికి పోయాడని, దేవుడు కనికరించి ఏడాది లోపే వాసన తిరిగి ఇచ్చాడని చెప్పింది. సంఘమంతా “స్తోత్రం” అంది. సైకిలు పెద్దాయన వచ్చి అన్న రెండు చేతులూ పట్టుకున్నాడు. సండే స్కూలు మళ్లీ ఆమెకే ఇచ్చారు.

పది రోజులైందో లేదో, ఒక శనివారం మధ్యాహ్నం నేనూ నా భార్యా కూరగాయలు కొనుక్కుని ఇంటికి వస్తున్నాం. గుమ్మం దగ్గరికి వచ్చేసరికి గుప్పుమని గ్యాసు కొట్టింది. సంచి కింద పడేసి ఆమె లోపలికి పరుగెత్తింది. వంటింట్లో స్టవ్ ముందు అన్న. గిన్నెలో టీకి నీళ్లు పోసి ఉన్నాయి. వెనక గొట్టం వదులై గ్యాసు కారుతోంది. ఆయన చేతిలో అగ్గిపెట్టె, ఇంకో చేతిలో పుల్ల.

“గీయొద్దు బావా! గీయొద్దు!”

ఆయన అట్లాగే ఆగిపోయాడు. నేను సిలిండరు కట్టేసి, తలుపులు, కిటికీలు బార్లా తెరిచాను. ఆమె ఆయన చేతిలోంచి అగ్గిపెట్టె లాక్కుని పెరట్లోకి విసిరేసింది. ముగ్గురం వీధి మెట్ల మీదకు వచ్చి కూర్చున్నాం.

“గ్యాసు కంపు వీధి దాకా వస్తాండాది బావా,” అంది ఆమె, చిన్నగా. “మీకు తెలీలేదా?”

అన్న తల దించుకున్నాడు. “తెలీలేదమ్మా.”

“మరి నేరేడుపండు?”

ఆయన చేతిలో మిగిలిన అగ్గిపుల్లను విరిచి పారేశాడు. నేనే అడిగాను. “ఎందుకన్నా అట్ల చెప్పినావు?”

“ఏం చేయల్లరా మరి? నువ్వు జ్వరంతో సీసా మోసుకొని వస్తివి. ఈ తల్లి నా వల్ల అందరి ముందరా తల దించుకునె. నా ముక్కు రాదని నాకెప్పుడో తెలుసు. వచ్చిందంటే మీరన్నా నిలబడతారని అనుకొంటి. ఈమె పోయి చర్చిలో చెప్తాదని నాకేం తెలుసు?”

ఆమె ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుంది. దేవుని ముందు, సంఘం ముందు చెప్పిన సాక్ష్యం. ఇప్పుడు పోయి అది అబద్ధమని చెబితే అన్న అబద్ధాలకోరు అవుతాడు. చెప్పకపోతే ఆమె అవుతుంది. ఆ వారమంతా ఆమె నిద్రపోలేదు. ఆదివారం చర్చికి పోయి, లేచి నిలబడటానికి బెంచీ అంచు పట్టుకుని, మళ్లీ వదిలేసింది. తర్వాతి ఆదివారం కూడా అంతే. ఆ పైన మేము దాని గురించి మాట్లాడుకోలేదు.

ఏడాది గడువు నిండిపోయింది. వాసన రాలేదు. అన్న ఆ తర్వాత మాతో తొమ్మిదేళ్లు ఉన్నాడు. మా యజమాని దగ్గరే ప్యాంట్లకు గుండీలు సరిచూసే పనికి కుదిరాడు. గడియారం చూసి అన్నం తినేవాడు. మనిషి ఏటికేడు సన్నబడ్డాడు. నా భార్య వంట చేసి ఆయన్ను “ఎట్లుండాది?” అని అడగడం మానేసింది. “ఉప్పు సరిపోయిందా బావా? పులుపు చాలునా?” అని మాత్రం అడిగేది. ఆ రెండింటికీ ఆయన నిజం చెప్పగలిగేవాడు.

సంఘం వాళ్లకు మాత్రం ఆయన వాసన తిరిగి వచ్చిన మనిషి. పెళ్లి భోజనాల్లో పిలిచి మరీ బిర్యానీ గంటె ఆయన ముఖం దగ్గర పెట్టేవాళ్లు. “వాసన చూడన్నా, ఎట్లుండాది?” అనేవాళ్లు. ఎప్పుడూ నేను ఆయన పక్కనే కూర్చునేవాణ్ణి. ఆయన కళ్లు మూసుకుని పీల్చే లోపల, నేను ఆయన చెవి దగ్గర, “ఏలక్కాయ ఎక్కువ, పుదీనా తక్కువ,” అనేవాణ్ణి. ఆయన కళ్లు తెరిచి నిదానంగా, పెద్దరికంగా, “బాగుండాది. ఏలక్కాయ రవ్వంత ఎక్కువైంది. పుదీనా తగ్గింది,” అని చెప్పేవాడు. వడ్డించేవాళ్లు ఆశ్చర్యపోయి, దేవునికి స్తోత్రం చెప్పి, ఇంకో గంటె ఆయన ఆకులో వేసి పోయేవాళ్లు. నా భార్య ఆడవాళ్ల బంతిలోంచి మా వైపు చూసి, చూపు తిప్పుకునేది. అన్న అదంతా మెతుకు మిగల్చకుండా తినేవాడు.